రోడ్డు పట్టుకున్న పలుగు

మా వీధికి సిమెంటు రోడ్డు పడ్డ చలికాలం పోయి ఎండాకాలం వచ్చేసరికి, మా ఆయన్ని బాంబు కేసు కింద పోలీసులు పట్టుకుపోయారు. ఆ రోడ్డుకీ ఈ కేసుకీ సంబంధం ఉందని నాకు మర్నాటి దాకా తెలియలేదు. ముందే తెలిసి ఉంటే ఆ సాయంత్రం అంతమందిని అన్నన్ని మాటలు అని ఉండేదాన్ని కాదు. అన్నందుకు మాత్రం విచారం లేదు. కొందరికి ఎప్పుడో పడాల్సిన మాటలే అవి.

మాది రాజుపాలెం పక్కన నల్లరేగడి ఊరు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద కంకర పోస్తే మింగేసింది. తారు వేస్తే రెండో వర్షాకాలానికి అప్పడంలా విరిచేసింది. పత్తి బండ్లూ, పురుటికి పోయే బండ్లూ ఒకే బురదలో కూరుకుపోయేవి. చివరికి ఎనభై అయిదులో మా వీధికి సిమెంటు రోడ్డు మంజూరైంది. బాబూరావు గారని కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు స్కూటరు మీద వచ్చి, దారం కట్టించి, రేగడి తవ్వి పారబోయించి, కింద గ్రావెల్ పరిపించి, పుష్యమాసం చలిలో రోడ్డు పోయించారు. తెల్లగా, నున్నగా ఉన్న ఆ రోడ్డు మీద మా అత్త సుబ్బులమ్మ చెప్పులు చేత పట్టుకుని నడిచింది. తొక్కితే మాసిపోతుందని ఆమె భయం.

రోడ్డంతా ఒకే ముక్కగా పోయలేదు. పలకలు పలకలుగా పోసి, మధ్యమధ్య అంగుళమంత సందు వదిలి, ఆ సందుల్లో చెక్కలు పెట్టారు. చెక్కలు తీసి తారు పోస్తామన్నారు. కంట్రాక్టరు వెళ్ళిపోయాడు, తారు రాలేదు, చెక్కలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. ఇక మిగిలింది సందులు. ఇవేంటని మేస్త్రీని అడిగితే, "అయ్యి అట్టాగే ఉంటయ్, మీకెందుకమ్మా?" అన్నాడు. కారణం చెప్పని మనిషిని నమ్మే అలవాటు మా వైపు లేదు. సందుకింత చొప్పున కంట్రాక్టరు సిమెంటు మిగుల్చుకున్నాడని వీధంతా తీర్మానించుకుంది. ఊళ్ళో పార్టీలు రెండు ఉన్నా ఆ విషయంలో అందరిదీ ఒకే మాట.

మాఘంలో కందులు ఇంటికొచ్చాయి. అంత శుభ్రమైన రోడ్డు వాకిట్లో ఉండగా, పేడతో అలికి కళ్ళం చేసుకునే ఓపిక ఎవరికుంటుంది? రోడ్డు మీదే ఆరబోశాం. పారతో తిరగేసినప్పుడల్లా గుప్పెడు గింజలు సందులోకి పోయేవి. పుల్లతో గీకి తీయలేక నా నడుం పడిపోయింది. మా పక్కిల్లు చలమయ్య శెట్టిగారి కిరాణా అంగడి. ఆయన భార్య లీలావతక్క చింతపండూ, మిరపకాయలూ ఆరబోసేది. ఆమెదీ అదే బాధ. ఇక మా పని మేమే చూసుకున్నాం. మా ఆయన బాలకోటయ్య క్వారీలో పనిచేస్తాడు కాబట్టి రాతిపొడీ, సన్న కంకర చిప్సూ నేను తెచ్చాను. సున్నం ఆమె ఇచ్చింది. పిడుగురాళ్ళ బట్టీల సున్నం ఇంటింటా ఉండే ఊరు మాది. గోడకు సందు కనిపిస్తే పూడ్చకుండా ఊరుకోం, రోడ్డు సందు మాకొక లెక్కా? ఇంట్లో ఉన్న మా ఆయన పలుగు నేనే తెచ్చి, దాని మొనతో కుక్కి కుక్కి నింపాం. మమ్మల్ని చూసి వీధి చివరి దాకా ఆడవాళ్ళంతా అదే పని చేశారు. మగవాళ్ళలో ఒక్కడూ గమనించలేదు. రోడ్డు ఊడ్చేది వాళ్ళు కాదుగా.

లీలావతక్కా నేనూ ఆ పనైనా మగవాళ్ళు లేనప్పుడే చేశాం. వాళ్ళది సర్పంచి పార్టీ, మాది ఓడిన పార్టీ. పాత ఎన్నికల్లో మా ఊళ్ళో బాంబులు పడ్డాయి, వాములు కాలాయి. ఒకాయన చెయ్యి పోగొట్టుకున్నాడు. అలాంటి ఊళ్ళో అటువాళ్ళతో ఇటువాళ్ళు నవ్వుతూ మాట్లాడితే ఇంట్లో తగువు. మా మంచీ చెడూ, మా కూరలూ పచ్చళ్ళూ దొడ్డిగోడ మీదుగానే నడిచేవి.

రోహిణి కార్తె వచ్చింది. ఆ ఏడు ఎండ మనుషుల్ని కాల్చుకు తినింది. నాకు నువ్వులు ఆరబోసుకునే పని ఉంది. చలమయ్య చూస్తే తన మిరపకాయల్ని మా గుమ్మం ముందు దాకా జరిపాడు. క్వారీ నుంచి వచ్చిన మా ఆయన అది చూశాడు.

"ఏంది శెట్టీ, రోడ్డంతా నీ అంగడేనా?"

"గవర్నమెంటు రోడ్డు. నీకేమన్నా రాసిచ్చారా?" అన్నాడు చలమయ్య, అరుగు మీంచి కదలకుండానే.

"రేపీపాటికి నీ అంగడి ముందర ఒక్క కాయ మిగిలితే అడుగు!"

వీధంతా విన్నది. మా ఆయనకు నోరు ముందు, బుద్ధి తర్వాత. ఇంట్లోకొచ్చి మజ్జిగ తాగేసరికి తనేమన్నాడో తనకే గుర్తుండదు. విన్నవాళ్ళకు మాత్రం బాగా గుర్తుంటుంది.

మర్నాడు క్వారీకి సెలవు. అన్నం తిని మా ఆయన నులకమంచం మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. మధ్యాహ్నం దాటింది. వీధిలో కుక్క కూడా లేదు. ఉన్నట్టుండి ఢామ్మని మోత. ఇంటి పెంకులు కదిలాయి. బయటికి పరుగెత్తి చూస్తే శెట్టిగారి అంగడి ముందు దుమ్ము. మిరపకాయలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పిప్పరమెంట్ల సీసా పగిలింది. అరుగు మీద కునుకు తీస్తున్న చలమయ్య పిక్కకు సిమెంటు పెచ్చు తగిలి నెత్తురు కారుతోంది.

"బాంబేశాడు! బాలకోటయ్య బాంబేశాడు!" అని ఆయన పెట్టిన కేక వీధి చివరి దాకా పోయింది.

మా ఆయన పంచె సర్దుకుంటూ అప్పుడే బయటికొచ్చాడు. ఇంట్లో నిద్రపోతున్నాడని నేను చెప్పాను, మా అత్త చెప్పింది. పెళ్ళాం సాక్ష్యం, తల్లి సాక్ష్యం ఎవరికి కావాలి? పైగా క్వారీలో రాతికి బెజ్జాలు వేసి మందు కూరేది ఆయనే. ముందురోజు అన్న మాటకు పదిమంది సాక్షులు. జీపు రానే వచ్చింది.

నేను ఎస్సైకి అడ్డం పోయాను. "మందు పేలితే వాసన రాదా సార్? రోజూ ఆయన గుడ్డలు ఉతికేదాన్ని, ఆ వాసన నాకు తెలవదా? ఈడ వాసనే లేదు, చూడండి."

ఎస్సై చూశాడు. రోడ్డు వైపు కాదు, మా దండెం వైపు. దాని మీదున్న మా ఆయన చొక్కా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "దీనికి మాత్రం బానే ఉందమ్మా" అన్నాడు. నా నాలుక నేనే కోసుకోవాలనిపించింది. ఆయన్ని జీపెక్కిస్తుంటే, "ఏమే, భయపడమాక" అన్నాడు. అన్న మనిషి మొహం చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది.

జీపు పోయాక అరుగు మీద కూర్చుని లెక్క చూసుకున్నాను. బాంబు కేసు పడ్డవాణ్ణి ఏ క్వారీలోనూ మందు ముట్టనివ్వరు. ఆయనకు వేరే పని రాదు. నరసరావుపేట కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగాలి. అంతకంటే భయం, పొద్దుగూకే వేళకు మా పార్టీవాళ్ళు కర్రలు పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. "నువ్వేం దిగులుపడమాక వెంకమ్మ వదినా, మేం చూసుకుంటాం" అన్నారు.

"ఏంది మీరు చూసుకునేది? ఆయన బాంబెయ్యలేదు మొర్రో అంటంటే, మీరు పోయి నిజంగానే వేసొస్తారా? ఒక్క కర్ర లేచినా ముందు నా నెత్తిన పడాల. పోండి, మీ ఇళ్ళకు పోయి మీ పెళ్ళాల మీద చూపించుకోండి మీ పౌరుషం!" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయదగ్గవి కావు. గొణుక్కుంటూ పోయారు. దొడ్డిగోడ అవతల లీలావతక్క తచ్చాడుతోందని గాజుల చప్పుడు చెబుతూనే ఉంది. నేను పలకరించలేదు, ఆమె కూడా పలకరించలేదు.

తెల్లవారి ఎండెక్కకముందే ఇంజనీరు బాబూరావు గారు వచ్చారు. రోడ్డు పగిలిందని ఆయనకు కబురు పోయింది. అంగడి ముందు రెండు పలకలు కలిసే చోట రోడ్డు పైకి లేచి, గుడారం వేసినట్టు నిలబడి ఉంది. ఆయన వంగి చూశారు. చుట్టూ తిరిగి చూశారు. లేచి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

పిక్కకు కట్టుతో కుర్చీలో కూర్చున్న చలమయ్య, "చూశారుగా సార్, బాంబు దెబ్బకి రోడ్డెట్టా అయిందో" అన్నాడు.

"ఊఁ" అన్నారు ఇంజనీరు గారు. కళ్ళజోడు ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

ఆ తుడుపు చూస్తే నాకు ఒళ్ళు మండింది. బాంబు పడి పోయిన రోడ్డయితే ఆయన్నెవరూ ఏమీ అడగరు. దానంతటది పోయిన రోడ్డయితే పై ఆఫీసరు ముందు నిలబడాల్సింది ఆయనే. ఆ మాత్రం నాకూ తెలుసు.

"సార్, మా ఆయన లోపలున్నాడు. మీకు తెలిసింది చెప్పండి. తెలవకపోతే తెలవదని చెప్పండి. అంతేగానీ ఊరికే ఊఁ కొట్టమాకండి" అన్నాను.

ఆయన నావైపు చూశారు. చిన్నవాడు, మా తమ్ముడి ఈడు ఉంటుందేమో. కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఇది బాంబు కాదమ్మా" అన్నారు. "బాంబయితే గుంట పడుతుంది. ఇక్కడ పలకలు రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేచాయి. సిమెంటు ఎండకు సాగుతుంది. చలికాలంలో పోశాం కదా, ఈ ఎండకు సాగితే పోవడానికి చోటుండాలనే ఆ సందులు వదిలాం. చోటు లేకపోతే ఎక్కడో ఒకచోట ఇలా లేస్తుంది. మోత కూడా అలాగే వస్తుంది. సందుల్లో తారు నేనే పోయించాలి. పోయించలేదు. అది నా తప్పే, నేను రాసి ఇస్తాను. కానీ సందు ఖాళీగా ఉన్నా రోడ్డు ఇలా లేచేది కాదు." అని సందు దగ్గర కూర్చుని తాళంచెవితో గీకారు. తెల్లటి పొడి రాలింది, దాని కింద గట్టిగా చిప్సు. "ఇది ఎవరు పూడ్చారు?"

ప్రభుత్వం రోడ్డు పాడుచేసిన కేసు ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని అందరికీ భయమే. నాకు నోటిదాకా వచ్చింది. కానీ నేను నోరు తెరిస్తే ఆ అంగడి ముందు సందు పూడ్చింది లీలావతక్కే అని చెప్పాలి. మొగుడు పెట్టిన కేసుకు ఎదురుగా ఆమెను నిలబెట్టినట్టవుతుంది. పోనీ నేనొక్కదాన్నే పూడ్చానంటే, మొగుణ్ణి కాపాడుకోవడానికి అబద్ధమాడుతోందంటారు. నేను ఆమె గుమ్మం వైపు చూశాను. అటు చూడకుండా ఉండలేకపోయాను.

గుమ్మంలో లీలావతక్క నిలబడి ఉంది. మెట్టు దిగింది.

"నేను పూడ్చా" అంది.

చలమయ్య కుర్చీలోంచి సగం లేచాడు. "నువ్వు లోపలికి పో!"

"పోను. గింజలు పోతన్నాయని నేనే పూడ్చా. సున్నం నాది. రాతిపొడి వెంకమ్మ ఇచ్చింది. ఇద్దరం కలిసే కుక్కినాం. ఆ పిల్లోడు బాంబెయ్యలేదు. రాత్రంతా నిద్రపట్టలేదు నాకు. ఆ పిల్లోడు జైల్లో ఉంటే నేను ఈ వీధిలో ఎట్టా తిరగను?"

ఆమె చలమయ్య మాటకు ఎదురు చెప్పడం మేమెవరమూ చూడలేదు, ఆయనా చూసినట్టు లేదు. అంతలో మా అత్త సుబ్బులమ్మ, "మా గుమ్మం ముందరది నేనూ చెయ్యేశా, ఏందిప్పుడు? ఉరేస్తారా?" అంది. ఎదురింటావిడ తనూ పూడ్చానంది. సర్పంచి కోడలు కూడా తనదీ అంతేనంది. అటు పార్టీ, ఇటు పార్టీ, ఆడవాళ్ళందరం దొంగలమే అయ్యాం. నాకు గుండెల మీంచి సగం బరువు దిగింది.

సగమే. మిగతా సగం స్టేషన్లో ఉంది. "మీ మాట ఎస్సై నమ్ముతాడా సార్?" అన్నాను.

ఇంజనీరు గారు ఆలోచించి, "పలుగుందా?" అన్నారు. మా ఆయన పలుగు తెచ్చిచ్చాను. ఆయన అంగడి దగ్గర ఆగలేదు. ఇక్కడ పలకలు లేచి బిగువు తీరిపోయిందని, వీధి చివర కల్వర్టు దాపున ఉన్న సందు దగ్గరికి పోయారు. ఇంకా చల్లగానే ఉంది. ఒక మూల సున్నం, చిప్సు జానెడు మేర తవ్వించి, సందులో పలుగు నిలువుగా దింపారు. వదులుగా దిగింది. నన్నే తీసి చూడమన్నారు, తీశాను. మళ్ళీ దింపమన్నారు, దింపాను.

"ఇక ఎవరూ ముట్టుకోవద్దు. ఎండ ఎక్కనివ్వండి. రోడ్డు సాగితే సందు ఇరుకై పలుగు బిగుసుకోవాలి" అన్నారు.

ఎండ ఎక్కింది. రెండు పార్టీల వాళ్ళూ ఆ పలుగు చుట్టూ ఎవరి నీడలో వాళ్ళు కూర్చున్నారు. ముట్టుకోకుండా కాపలా అన్నమాట. నాకు అన్నం సయించలేదు. ఒకవేళ పలుగు ఊడి వచ్చిందంటే మా ఆయన బతుకు అంతే. ఉన్న దేవుళ్ళకే కాదు, ఆ రోజు నేను రోడ్డుకు కూడా మొక్కుకున్నాను. గట్టిగా పట్టుకో తల్లీ అన్నాను.

మధ్యాహ్నం ఎస్సై పంచనామా రాయడానికి వచ్చాడు. ఇంజనీరు గారు జరిగిందంతా చెప్పారు. ఎస్సై నవ్వాడు. "రోడ్డు పేలిందంటారా? సర్వీసులో ఇది వినలేదు సార్" అన్నాడు.

"ఆ పలుగు తీయండి" అన్నారు ఇంజనీరు గారు. "పొద్దున ఈవిడ ఒంటిచేత్తో తీసింది."

ఎస్సై కానిస్టేబులుకు సైగ చేశాడు. కానిస్టేబులు పట్టుకుని, చెయ్యి కాలి, ఎవరి తలగుడ్డో తీసుకుని చుట్టి లాగాడు. రాలేదు. ఇద్దరు కలిసి లాగారు. సర్పంచి పార్టీలో మూటలు మోసే మనిషి వచ్చి కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. పలుగు కదల్లేదు. చివరికి ఎస్సై టోపీ తీసి కానిస్టేబులుకిచ్చి తనే రెండు చేతులా పట్టుకున్నాడు. మెడ నరాలు లేచాయి. రోడ్డు పలుగును వదల్లేదు. ఎస్సై నిలబడి, రోడ్డు వంక ఒకసారి, మా ఆడవాళ్ళ వంక ఒకసారి చూశాడు.

"మీరు పూడ్చారా ఇవన్నీ?" అన్నాడు.

"పూడ్చాం" అన్నాం అందరం. ఎవరి గొంతు ముందో తెలియలేదు.

చలమయ్య కుంటుకుంటూ వచ్చి తనూ ఒకసారి పలుగు కదిపి చూశాడు. తర్వాత కిందికి చూస్తూ, "బాంబెయ్యడం నేను కళ్ళతో చూళ్ళేదు సార్, మోత విని అన్నా" అన్నాడు. నాకు ఆ మాట చాలు. రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. కూర్చున్నచోట చర్మం కాలుతున్నా లేవబుద్ధి కాలేదు. లీలావతక్క వచ్చి రెక్క పట్టుకుని లేపింది.

ఎస్సై వెళ్ళేదాకా ఇంజనీరు గారు చెమట తుడుచుకుంటూనే ఉన్నారు. తర్వాత అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ తేలికపడ్డారు. వెనకటి రోజుల్లో ఇంజనీర్లు అసలు సందులే లేకుండా పోసేవారట. రోడ్డు తనకిష్టమొచ్చినచోట పగిలేదట. ఆ తర్వాత పగులు ఎక్కడ రావాలో ముందే గీత పెట్టడం, సాగడానికి చోటు వదలడం నేర్చుకున్నారట. ఇప్పుడు మరీ లావు పలకలు కాకుండా, కింది నేలను బట్టి మందం లెక్క కట్టడం నేర్చుకుంటున్నామని, రేగడి మీద అదే కష్టమని చెప్పారు.

"అయితే సందుల్లేని రోడ్డు ఎప్పటికన్నా వచ్చుద్దా నాయనా? గింజలు పోనిది?" అంది మా అత్త. అంత జరిగినా ఆమె ధ్యాస గింజల మీదే.

"వస్తుందమ్మా. లోపల ఇనుము పరిచి, మెషిన్లతో మైళ్ళకొద్దీ పోసే రోజులు వస్తాయి. అందాకా ఇవి పూడ్చకండి. సందుల్లో తారు నేనే దగ్గరుండి పోయిస్తాను. మేస్త్రీకి చెప్పి ఊరుకున్నాను, మీకు చెప్పలేదు. చెప్పాల్సింది మీకు."

మా ఆయన సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. ఒంటి మీద దెబ్బ లేదు, చొక్కా మాసింది, అంతే. నేను ఒళ్ళంతా తడిమి చూస్తుంటే సిగ్గుపడ్డాడు. ఇంట్లోకి వచ్చి మూల చూసి, "ఏమే, నా పలుగేది? రేపు క్వారీకి పోవాల" అన్నాడు. జైలు నుంచి వచ్చిన మనిషి మొదట అడిగిన మాట అది. నవ్వొచ్చి, ఏడుపొచ్చి, రోడ్డు పట్టుకుందని చెప్పాను. నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నట్టున్నాడు, నుదుటి మీద చెయ్యేసి చూశాడు.

తెల్లారగట్ల చల్లగాలికి ఇద్దరం వీధి చివరికి నడిచాం. అప్పటికే అక్కడ నలుగురు చేరారు. మా ఆయన పలుగు మీద చెయ్యేశాడు. ఏ బలమూ పెట్టలేదు. వడ్ల బస్తాలోంచి పుల్ల తీసినట్టు పైకి వచ్చింది. ఆయన నావైపు చూసి, పలుగు వైపు చూసి, మళ్ళీ సందులో దింపి మళ్ళీ తీశాడు. చిన్నపిల్లాడిలా ఇంకోసారి దింపి తీశాడు. చూస్తున్నవాళ్ళంతా నవ్వారు. ఎవరు ఏ పార్టీయో ఆ నవ్వులో నాకు తెలియలేదు.

పలుగు భుజాన వేసుకుని తిరిగి వస్తుంటే చలమయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మేం దాటబోతుండగా గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్ బాలకోటా" అన్నాడు. "నా అంగడి ముందు ఆ సున్నమంతా తవ్విపెట్టరా. నా కాలు ఇట్టా ఉంది, నావల్ల కాదు."

మా ఆయన ఆగాడు. ఈ మనిషి నోరు నాకు తెలుసు కదా.

"ముందు నీ మిరపకాయలు తియ్యి శెట్టీ" అన్నాడు మా ఆయన. పలుగు భుజం మీంచి దించి సందులో పొడిచాడు. చలమయ్య కుంటుకుంటూ దిగి, వంగి, ఒక్కో కాయా ఏరడం మొదలుపెట్టాడు.

లీలావతక్క చీపురు తెచ్చింది. నేను చేట తెచ్చాను. తవ్విన సున్నం ఇద్దరం ఊడ్చి ఎత్తాం. మామిడికాయ పచ్చడికి ఆవాలు ఎక్కడ దొరుకుతాయో, సర్పంచి కోడలికి ఎన్నో నెలో, మాట్లాడుకుంటూనే ఉన్నాం. నడివీధిలో, మగవాళ్ళిద్దరి ఎదురుగా.